మా రోజుల్లో కార్డు కూత పెట్టేది

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు హైదరాబాద్ నుంచి దిగాడు. మొదటి రోజు అరిసెలు తిన్నాడు, రెండో రోజు కోడిపందేలు చూసొచ్చాడు, మూడో రోజు పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందేసుకుని మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఏంట్రా అంటే, "అమ్మావాళ్లకి మూడొందల ఎంబీపీఎస్ కనెక్షన్ పెట్టించాను మావయ్యా. వైఫైలో రెండొందల పైన వస్తోంది. కేబుల్ పెడితే తొంభై నాలుగు దగ్గర చతికిలబడుతోంది. లినక్స్ డ్రైవరు దరిద్రం. ఎవరో కమ్యూనిటీ వాళ్లు రాస్తారంట, ఊరూ పేరూ లేనోళ్లు. ఊరికే వచ్చేదానికి ఇంతకన్నా ఏం వస్తుందిలే" అన్నాడు.

ఊరూ పేరూ లేనోళ్లట. నాకు కాలింది.

మా రోజుల్లో డ్రైవరు, అదే కార్డు చేత పని చేయించే ప్రోగ్రాం, రాసినవాడి ఊరూ తెలుసు, పేరూ తెలుసు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద తెల్లటి వరసలు గడగడా జారేవి. నెట్‌వర్క్ కార్డు వంతు రాగానే డ్రైవరు పేరు, అది రాసిన తారీఖు, పక్కనే రాసినవాడి పేరు పడేవి. ఎక్కువ కార్డులకి ఒకటే పేరు: డొనాల్డ్ బెకర్. అమెరికాలో నాసా వారి గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసేవాడు. డ్రైవరు ఫైలు తెరిస్తే శుభలేఖ కింద అడ్రసు వేసినట్టు ఆ ఆఫీసు చిరునామా కూడా ఉండేది. 1994లో ఆయనా, థామస్ స్టెర్లింగ్ అనే ఇంకొకాయనా కలిసి పదహారు మామూలు 486 పీసీలను ఈథర్నెట్ తీగలతో కట్టి, సూపర్ కంప్యూటర్ చేసే పని వాటితో చేయించారు. దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. అది నడవాలంటే చవకరకం కార్డులు కూడా బుద్ధిగా పనిచెయ్యాలి కదా. అందుకని బజార్లో దొరికిన కార్డుకల్లా డ్రైవరు రాసుకుంటూ పోయాడు. ఎన్‌ఈ2000, త్రీకామ్ వాళ్ల 3సీ509, ట్యూలిప్, ఇంటెల్ ఈఈప్రో100, ఒకటా రెండా. నాసాలో పుట్టిన ఆ సరుకు పిఠాపురంలో నా మేడ మీద నడిచింది. నేను ఆయనకి పైసా ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

మేడ అంటే ఉప్పాడ బస్టాండ్ దగ్గర రెండు గదులు. 1996లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి 2011లో తాళం వేశాను. డీసీఏ, పీజీడీసీఏ, టాలీ. ఖాళీ సమయంలో డీటీపీ, పెళ్లి కార్డులు. ఐదు సిస్టములు. వాటిని కలిపింది ఇప్పటి తీగ కాదు, టీవీ కేబుల్ లాంటి నల్ల తీగ. ప్రతి సిస్టమ్ వెనక ఓ టీ ముక్క, ఈ చివరా ఆ చివరా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు. ఆ బుడిపె ఒక్కటి ఊడితే ఐదు సిస్టములూ మూగబోయేవి. ఒకసారి గొల్లప్రోలు నుంచి వచ్చే కుర్రాడు అదేదో బాగుందని పీకి జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోయాడు. రెండు రోజులు డ్రైవరుని తిట్టుకున్నాను. మూడో రోజు వాడే తెచ్చిచ్చాడు, తాళంచెవుల గుత్తికి తగిలించి.

కార్డు పెట్టడం అంటే ఇప్పటిలా తగిలించి వదిలెయ్యడం కాదు. కార్డు మీద జంపర్లుండేవి, పిన్నీసు తలకాయంత. ఐఓ 300, ఐఆర్‌క్యూ 5 అని పెడితే సౌండ్ కార్డుతో తగువు. ఐఆర్‌క్యూని 10కి మారిస్తే శాంతి. విండోస్‌కైతే కార్డుతోపాటు ఫ్లాపీ ఇచ్చేవాడు. మన గోదావరి జిల్లాల చెమ్మకి ఆ ఫ్లాపీ రెండు వానాకాలాలు బతికితే గొప్ప. బూజు పట్టిందంటే కార్డు ఉన్నా లేనట్టే. డ్రైవరు నెట్‌లో దింపుకోవచ్చు కదా అంటారు ఇప్పటివాళ్లు. నెట్ రావడానికే కదా డ్రైవరు కావాల్సింది! బావిలో పడ్డ చేదని తియ్యడానికి తెచ్చిన గేలం కూడా బావిలోనే పడ్డట్టు ఉండేది మా బతుకు. చిత్రాడ మీదుగా కాకినాడ బస్సెక్కి, అక్కడ తెలిసినవాళ్ల షాపులో మోడెమ్ మీద సెకనుకి నాలుగు కిలోబైట్ల చొప్పున దింపి, ఫ్లాపీలో ఎక్కించుకుని రావాలి. ఇంటికొచ్చాక ఫ్లాపీ చదవదు. మళ్లీ బస్సు.

లినక్స్‌లో ఆ గొడవ తక్కువ. పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చే సీడీలో డ్రైవర్లన్నీ ముందే ఉండేవి. ఇంటికి కావాల్సిన పచారీ సామానంతా ఒకే మూటలో కట్టి ఇచ్చినట్టు. ఆ సీడీ కోసం కాకినాడలో పుస్తకాల షాపువాడికి ముందే చెప్పి పెట్టేవాణ్ణి. తరవాత 2004 నుంచి ఉబుంటు అనే లినక్స్ వాళ్లు అడిగితే చాలు పోస్టులో సీడీలు పంపేవారు, అదీ ఉచితంగా. విదేశీ కవరు చూసి మా పోస్ట్‌మ్యాన్ "అబ్బాయి అమెరికాలో ఉన్నాడాండీ?" అని అడిగేవాడు. 2011లో ఆ పంపకం ఆపేశారు. అదే ఏడు నేనూ తాళం వేశాను. రెండిటికీ సంబంధం లేదనుకోండి, అయినా నాకు కలిపి గుర్తుంటుంది.

అసలు చెప్పాల్సింది ల్యాప్‌టాప్ గురించి. 2001లో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. మూడున్నర కిలోలు. దానికి ఈథర్నెట్ కన్నం లేదు. పక్కన చీలికలాంటి అర ఉండేది, అందులో పీసీఎంసీఐఏ కార్డు తొయ్యాలి. విజిటింగ్ కార్డంత వెడల్పు, ఓ అప్పచ్చి మందం. దాని అంచుకి ఓ తోక, ఆ తోక చివర కేబుల్ పెట్టే డబ్బా. ఆ తోక మహా సున్నితం. పిల్లి దూకినా, చీపురు తగిలినా దాని మెడ విరిగేది. విరిగిన తోక విడిగా దొరకదు.

ఈ కార్డులకి లినక్స్‌లో దిక్కు డేవిడ్ హైండ్స్. అర లోపలి చిప్పుల లెక్క, కార్డు పెట్టినప్పుడూ తీసినప్పుడూ జరగాల్సిన తంతు, కార్డుకో డ్రైవరు, వీటన్నిటినీ పీసీఎంసీఐఏ-సీఎస్ అని ఒక మూటగా కట్టి ఏళ్ల తరబడి చాకిరీ చేశాడాయన. ఆ మూటలో కార్డ్‌మేనేజర్ అని ఓ చిన్న ప్రోగ్రాం. కార్డు తోయగానే అది గుర్తుపడితే స్పీకర్లోంచి ఒక సన్నని కూత. డ్రైవరు ఎక్కి అంతా కుదిరితే అదే శ్రుతిలో రెండో కూత. ఎక్కడన్నా తేడా కొడితే బొంగురు కూత వచ్చేది. తెర చూడక్కర్లేదు. మా ఆవిడ వంటింట్లోంచే "ఏవండీ, ఇవాళ కూడా బొంగురేనా?" అనేది.

ఎందుకంటే మొదటి వారం రోజులూ బొంగురే. నాకు దొరికింది ఓ అనామకపు కార్డు, కంపెనీ పేరు ఎందుకులెండి. పెట్టె మీద నంబరుకి ఫోన్ చేస్తే, లినక్స్ అనే మాట వినగానే ఫోన్ పెట్టేశారు. ఆఖరికి ఆ మూటతో పాటు వచ్చిన కాగితాలు చదివాను. మా రోజుల్లో చదివేవాళ్లం మరి. చూస్తే చాలా చవక కార్డుల కడుపులో ఉండేది ఆ పాత ఎన్‌ఈ2000 తరహా చిప్పే, పై రేకు మీద పేరు మాత్రం వేరు. కార్డు తనని తాను ఏ పేరుతో చెప్పుకుంటుందో ఓ కమాండుతో అడిగి తెలుసుకుని, కాన్ఫిగ్ ఫైల్లో మూడు వరసలు రాశాను: కార్డు పేరు ఇది, గుర్తింపు మాట ఇది, ఇలాంటిది కనబడితే పీసీనెట్_సీఎస్ డ్రైవరుకి అప్పగించు అని. కార్డు తీసి మళ్లీ తోశాను. కూ. కూ. రెండూ సన్నవే. పొద్దున్న ఐదింటికి. మా ఆవిడ లేచొచ్చి పాలు పొంగాయా అని అడిగింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లు కూత పెట్టవు. కంపెనీ బొమ్మ ఒకటి వెలుగుతుంది, గుండ్రంగా ఏదో తిరుగుతుంది, అంతే. లోపల ఎవడు ఏం చేస్తున్నాడో తెలీదు. డ్రైవరు రాసినవాళ్ల పేర్లు బూటు వరసల్లో వెయ్యడం కూడా ఇప్పుడు మర్యాద కాదట, అనవసరపు రొద అంటారు. ఆ వరసల్ని కూడా బొమ్మ వెనక దాచేశారు. ఇక మా మేనల్లుడు ఊరూ పేరూ లేనోళ్లు అనక ఏమంటాడు?

వేగం సంగతి. ఇక్కడ మాత్రం మా రోజులే గొప్ప అంటే అబద్ధమాడినట్టు. రియల్‌టెక్ 8139 అని ఒక చిప్పు వచ్చింది, 100 ఎంబీపీఎస్. చవక, అందుకని ప్రతివాడూ అదే పెట్టాడు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఉచిత సిస్టమ్‌కి దాని డ్రైవరు రాసిన బిల్ పాల్ ఆ ఫైలు పైనే ఆ చిప్పుని చెడామడా తిట్టి పెట్టాడు. తిట్టడానికి కారణముంది. మంచి చిప్పయితే వచ్చిన ప్యాకెట్‌ని ప్రాసెసర్ చెప్పిన చోట నేరుగా దించుతుంది. ఇది అన్నిటినీ ఒకే కుప్పలో పోసేది, ప్రాసెసర్ వచ్చి ఒక్కొక్కటీ ఎత్తి వేరే చోట పెట్టుకోవాలి. పంపేటప్పుడు కూడా ప్యాకెట్ సరిగ్గా నాలుగు బైట్ల హద్దు మీద లేకపోతే దానికి సహించదు, మళ్లీ కాపీ. ఒకేసారి నాలుగు ప్యాకెట్లు మాత్రమే వరసలో పెట్టగలదు. లారీ సరుకు దించడానికి ఒక్క కూలీ, వాడి చేతిలో ఒక్క తట్ట! అయినా బిల్ పాల్ అటు, లినక్స్‌లో బెకరూ ఆయన తరవాత జెఫ్ గార్జిక్కూ ఇటు, ఆ చిప్పు చేత పని చేయించారు. ప్రపంచంలో సగం ఇంటర్నెట్ కెఫేలు దాని మీదే నడిచి ఉంటాయి. సగం అన్నది నా లెక్క, పట్టుకుని కూర్చోకండి.

ఇంకోటి ఉంది, దీన్ని బయట ఎవరూ చెప్పుకోరు. ప్యాకెట్ వచ్చినప్పుడల్లా కార్డు ప్రాసెసర్‌కి గంట కొడుతుంది. 100 ఎంబీపీఎస్ తీగ మీద అతి చిన్న ప్యాకెట్లు వరసపెట్టి వస్తే సెకనుకి 1,48,800. గిగాబిట్‌లో అయితే దానికి పదింతలు. అన్నిసార్లు గంట కొడితే ప్రాసెసర్ తలుపు తియ్యడంతోనే సరిపోతుంది, ఉత్తరం చదివే తీరికే ఉండదు. 2001లో జమాల్ హాదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ అని ముగ్గురు దీనికి ఎన్‌ఏపీఐ అని ఉపాయం కట్టారు. మొదటి ఉత్తరానికి గంట కొట్టు, ఆ తరవాత గంట ఆపెయ్, సంచీ ఖాళీ అయ్యేదాకా నేనే వచ్చి తీసుకుంటూ ఉంటాను, అయిపోయాక మళ్లీ గంట తగిలిద్దాం అని. పోస్టాఫీసులో పనిచేసినవాడికెవడికైనా తట్టే ఆలోచన, కాకపోతే తట్టాలి కదా. ఇవాళ ల్యాప్‌టాప్‌లో ఉండే దాదాపు ఏ లినక్స్ ఈథర్నెట్ డ్రైవరైనా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. దానికి తోడు ప్యాకెట్ చెడిందో లేదో చూసే చెక్‌సమ్ లెక్కలు చిప్పుకే అప్పగించడం, అరవై కిలోబైట్ల దిమ్మని ఒకేసారి చిప్పుకిచ్చి ముక్కలు నువ్వే కోసుకో అనడం. ఏది ఆన్‌లో ఉందో ఏది లేదో ఈథ్‌టూల్ అని కమాండు కొడితే పద్దు చదివినట్టు చెబుతుంది. ఎవరు కొడుతున్నారు?

కంపెనీ రాసిందే మంచిదన్న భ్రమ మా రోజుల్లోనే వదిలింది. ఎన్‌విడియా వాళ్ల ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్‌లో ఈథర్నెట్ ఉండేది. వాళ్లు లినక్స్‌కి డ్రైవరు ఇచ్చారు గానీ సీల్ వేసిన డబ్బా, లోపల ఏముందో చూపించరు. 2003లో ఆండ్రూ డి క్విన్సీ, కార్ల్-డేనియల్ హైల్ఫింగర్ ఆ డబ్బా ఏం చేస్తుందో గమనించి కాగితం మీద రాశారు. ఆ కాగితం చూసి డ్రైవరు కొత్తగా రాసిన బృందంలో మాన్‌ఫ్రెడ్ స్ప్రాల్ ముఖ్యుడు. చూసింది ఒక జట్టు, రాసింది ఇంకో జట్టు, కాపీ కొట్టారని ఎవరూ అనకుండా. దాని పేరు ఫోర్స్‌డెత్. ఆ చిప్పు తన ఆరు జతల చిరునామాని తలకిందులుగా దాచుకుంటుందని కూడా వాళ్లే కనిపెట్టారు. తరవాత్తరవాత ఎన్‌విడియా మనుషులే వచ్చి ఆ డ్రైవరుకి మెరుగులు దిద్దారు. 2006 ప్రాంతంలో ఏఎండీ ప్రాసెసర్‌తో వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో అదే చిప్పు, అదే డ్రైవరు.

బ్రాడ్‌కామ్ గిగాబిట్ చిప్పులదీ అదే దారి. కంపెనీ డ్రైవరు ఉండగానే డేవిడ్ మిల్లర్, జెఫ్ గార్జిక్ కలిసి టీజీ3 అని వేరే రాశారు, నిలిచింది టీజీ3. మార్వెల్ యూకాన్-2 చిప్పులకి కంపెనీ వైపు నుంచి వచ్చిన డ్రైవరుని పక్కకి నెట్టి స్టీఫెన్ హెమింజర్ స్కై2 రాశాడు.

పేరు ఒకరిది, పని ఇంకొకరిది కావడం పిఠాపురంలో పుట్టినవాడికి వింతగా ఉండకూడదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఖర్చు మన మహారాజా సూర్యారావు బహద్దూర్ వారిది, పేరూ వారిదే. పదాలు ఏరింది, అర్థాలు తూచింది ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు, జయంతి రామయ్య పంతులు గారి పెద్దరికంలో. ఆ పండితుల్లో నలుగురి పేర్లు చెప్పమనండి ఊళ్లో ఎవర్నైనా. డ్రైవర్లదీ అదే కథ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే రియల్‌టెక్ గిగాబిట్ చిప్పులకి ఆర్8169 అనే డ్రైవరు ఉంది. చాలా ఏళ్లు ఫ్రాన్స్వా రోమ్యూ చూశాడు, ఆయన తరవాత హైనర్ కాల్‌వైట్. కానీ రచయిత ఎవరని కంప్యూటర్‌నే అడిగితే 'రియల్‌టెక్, లినక్స్ ఆర్8169 బృందం' అని వస్తుంది. బృందం! భజన మేళమా అది? పేర్లు చెప్పడానికి ఏమొచ్చింది?

సరే, కమ్యూనిటీ వాళ్లు దేవుళ్లని నేను అనను. 2008లో జరిగింది మర్చిపోలేదు. లినక్స్ 2.6.27 ఇంకా పరీక్షల దశలో ఉండగా, దాన్ని ఎక్కించుకున్న కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ ఈథర్నెట్ చిప్పులు చచ్చిపోవడం మొదలైంది. చిప్పు తన చిరునామా, సెట్టింగులు దాచుకునే చిన్న జ్ఞాపకం ఉంటుంది, అది చెరిగిపోయేది. ఒకసారి చెరిగితే విండోస్‌లోకి వెళ్లినా కార్డు కనబడదు. అందరూ ఈ1000ఈ డ్రైవరుని అనుమానించారు. ఉబుంటు వాళ్లయితే పరీక్షకిచ్చిన కాపీలో ఆ డ్రైవరునే ఆపేశారు. తీరా దొంగ దొరికింది వేరేచోట. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల ఏ పని ఎప్పుడు జరిగిందో రాసుకునే ఎఫ్‌ట్రేస్ అనే భాగం ఉంది. అది కొన్ని చిరునామాలు చీటీ రాసుకుంది. ఆ చోట్ల ఉన్న కోడ్ పని అయిపోయి ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆ ఖాళీ స్థలంలోకి ఈ ఇంటెల్ చిప్పు తాలూకు జ్ఞాపకం వచ్చి చేరింది. ఎఫ్‌ట్రేస్ పాత చీటీ పట్టుకుని వచ్చి అక్కడ రాసేసింది. బకాయి పెట్టి ఇల్లు ఖాళీ చేసింది పాత అద్దెకున్నవాడు, కరెంటోళ్లు వచ్చి ఫ్యూజు పీకింది కొత్తగా దిగినవాడికి! ఎఫ్‌ట్రేస్ రాసిన స్టీవెన్ రోస్టెడ్ తప్పు తన భాగానిదేనని అందరి ముందూ ఒప్పుకుని సరిచేశాడు. ఇంటెల్ వాళ్లు ఆ జ్ఞాపకానికి తాళం వేశారు. తప్పెవరిదో పేరుతో సహా బయటపడింది చూశారూ, అది నాకు నచ్చుతుంది.

ఇంకా ఉన్నాయి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఓ రకం చిప్పుకి ఏఎల్ఎక్స్ అనే డ్రైవరు 2013లో కెర్నెల్‌లో చేరింది, యోహనెస్ బెర్గ్ శుభ్రం చేసి తిరగరాసింది. దూరం నుంచి కంప్యూటర్‌ని నిద్రలేపే సౌకర్యం ఉంటుంది కదా, ఒక ప్రత్యేకమైన ప్యాకెట్ పంపితే లేస్తుంది. ఆరు బైట్లు నిండా ఒకట్లు, వెనకాల కార్డు చిరునామా పదహారుసార్లు, మొత్తం 102 బైట్లు. ఈ డ్రైవరుతో పడుకోబెట్టిన ల్యాప్‌టాప్ ఎవరూ పిలవకుండానే లేచి కూర్చునేది. కారణం చిక్కక ఆ సౌకర్యాన్నే తీసేశారు. జోకొట్టడం రాక పిల్లాడికి పడకే వద్దన్నట్టు. ఆర్8169లోనూ కరెంటు పొదుపు సంగతి ఏళ్లపాటు నలిగింది. చిప్పుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారిని తీరిక వేళల్లో నిద్రపుచ్చే ఏర్పాటు కొన్ని యంత్రాల్లో నెట్‌నే ఆపేసేది. నెట్ ఆగకూడదని ఆ నిద్రని తీసేస్తే ప్రాసెసర్‌కి గాఢనిద్ర పట్టదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ తొందరగా దిగుతుంది. కేబులే పెట్టకపోయినా సరే. పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. వేగం ఒక్కటే చూసేవాడికి ఇవి కనబడవు.

యాపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్‌ని మామూలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించే హ్యాకింటోష్ సరదా ఒకటి నడిచింది. మా దగ్గర చదివిన కుర్రాడొకడు దాని పిచ్చిలో పడ్డాడు. అక్కడా యాపిల్ డ్రైవరు ఇవ్వదు. మీట్సె అనే మారుపేరుతో ఒకరు ఇంటెల్, రియల్‌టెక్ వాళ్ల లినక్స్ డ్రైవర్ల కోడ్ తీసుకుని మ్యాక్‌కి తగ్గట్టు రాశారు. చెక్‌సమ్, దిమ్మని ముక్కలు కొయ్యడం, నిద్రలేపడం అన్నీ పెట్టి. మారుపేరైనా పేరే.

ఇక మా మేనల్లుడి దగ్గరికి వస్తాను. వాడి ల్యాప్‌టాప్ అట్టముక్కంత పలచన. ఈథర్నెట్ కన్నం లేదు, ఉంటే పలచన ఎలా అవుతుంది. టైప్-సీ కన్నంలో పెట్టే డాంగిల్ ఒకటి కొన్నాడు. అంటే ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ తోక! నేను నవ్వితే వాడికి అర్థం కాలేదు.

"తొంభై నాలుగు అంటున్నావు కదా, ఆ అంకెలోనే ఉందిరా సంగతి" అన్నాను. తీగ మీద పోయే ప్రతి నిండు ప్యాకెట్‌కీ వెనకా ముందూ కలిపి 1538 బైట్ల చోటు పడుతుంది, అందులో మన సరుకు 1448. మిగతాది గోనె బరువు. నూటికి తొంభై నాలుగు. అంటే తీగ 100 మీద నిండుగా నడుస్తోంది, డ్రైవరు చుక్క కూడా ఒలకబొయ్యట్లేదు. అసలు 1000 మీద నడవాల్సింది 100 మీద ఎందుకు నడుస్తోందన్నది ప్రశ్న. డాంగిల్‌ని పాత రకం యూఎస్‌బీ 2 కన్నంలో పెట్టాడేమో అనుకున్నాను. అదైనా 480 ఉంటుంది, 94 దగ్గర గీత గీసినట్టు ఆగదు.

ఇంటికెళ్లి నా పాత ల్యాప్‌టాప్ తెచ్చాను. దానికి కన్నం ఉంది. పైగదిలో గోడ సాకెట్‌కి తగిలించి, కెర్నెల్ మాట్లాడే మాటలు చూపించే డీమెసేజ్ కొట్టాను. ఆర్8169 వరసల్లో పసుప్పచ్చగా ఒకటి మెరిసింది: ఒప్పందం కుదిరిన వేగం 1 జీబీపీఎస్, దిగజారి నడుస్తున్న వేగం 100 ఎంబీపీఎస్, కేబుల్ చూసుకో. అంత స్పష్టంగా. నువ్వు తిట్టే ఆ ఊరూ పేరూ లేనోళ్లు రాసిన మాటేరా ఇది, నీ ముందు చేతులు కట్టుకుని నుంచుని చెబుతోంది అన్నాను. వాడు వంగి రెండుసార్లు చదివాడు. "ఇంత క్లియర్‌గా చెబుతుందా?" అన్నాడు.

విజయగర్వంతో సాకెట్ విప్పాను. గోడలోంచి వచ్చే తీగలో ఎనిమిది దారాలుంటాయి, నాలుగు జతలు. 100కి రెండు జతలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అక్కడ చూస్తే నారింజ జత, ఆకుపచ్చ జత ఈ సాకెట్‌కి ఉన్నాయి. నీలం, గోధుమ జతల్ని చీల్చి గోడ వెనక నుంచి పక్కగదిలోకి పంపించి అక్కడ ఇంకో సాకెట్ పెట్టారు. ఒకే తీగతో రెండు గదులు. ఎవడ్రా ఈ పిసినారి పని చేసిన ఎలక్ట్రీషియన్, వాణ్ణి పిలవండి, తీగ డబ్బులు మిగుల్చుకుని మనల్ని ముంచాడు అని గోల చేస్తున్నాను.

చెల్లెలు కాఫీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చింది. "ఎలక్ట్రీషియన్ ఎవరన్నయ్యా? 2009లో ఇల్లు కట్టినప్పుడు నువ్వే కదా వేశావు. రెండు తీగలు దండగ, ఒక తీగలోనే రెండు లైన్లు లాగుతాను చూడు అని మీ బావగారికి గొప్పగా చెప్పావు."

మేనల్లుడు మాట్లాడలేదు. కాఫీ మీద మీగడ చూస్తున్నాడు.

2009లో ఈ ఊళ్లో గిగాబిట్ ఎవడికుందండీ? బీఎస్‌ఎన్‌ఎల్ మీద రెండు ఎంబీపీఎస్ వస్తే రాజభోగం. 2016 డిసెంబరులో కోనసీమలో మోరి గ్రామానికి ఏపీ ఫైబర్‌నెట్ వెళ్లిందని, నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ అని పేపర్లో వస్తే అబ్బో అనుకున్నాం. ఎనిమిది దారాల్లో నాలుగు మిగిలితే పక్కగదికి వాడుకోవడం మా రోజుల్లో తెలివి. ఈ మాటలన్నీ నేను గట్టిగానే అన్నాను, వినేవాళ్లు లేకపోయినా.

సంచిలోంచి క్రింపింగ్ టూల్ తీశాను. నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, కొందరికి పొడుం డబ్బీ ఉన్నట్టు. పక్కగదికి పోయే జతల్ని వెనక్కి లాగి, కింద రౌటర్ దగ్గరా పైనా పాత ప్లగ్గులు కోసేసి, వరస కట్టాను: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దారాల చివర్లు సమానంగా కత్తిరించి, ప్లగ్గులోకి దూర్చి, టూల్‌తో టక్కున నొక్కాను. చెయ్యి ఇంకా వణకలేదు. కింద నా ల్యాప్‌టాప్, పైన వాడిది, మధ్యలో రౌటర్, వేగం కొలిచే ఐపెర్ఫ్ కొట్టించాను. 941. ఆ అంకె చూసి మీసం దువ్వుకున్నాను. వాడి చిన్న డాంగిల్, దాని డ్రైవరు, నా తీగ, అన్నీ కలిసి పుస్తకంలో లెక్కకి తగ్గకుండా తెచ్చాయి.

"సూపర్ మావయ్యా" అన్నాడు. అని డాంగిల్ ఊడదీసి బ్యాగులో పడేశాడు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని కిందికి దిగి వరండాలో ఉయ్యాలబల్ల మీద కాళ్లు బారజాపి వైఫైలో కూర్చున్నాడు. ఇప్పుడింత కష్టపడి చేస్తే ఏంట్రా అంటే, "తీగ పట్టుకుని ఎవరు తిరుగుతారు మావయ్యా, స్పీడ్ ఎందుకు రాట్లేదో తెలిసింది, చాలుగా" అన్నాడు.

నేను టూల్ సంచిలో పెట్టుకుంటుంటే పక్కగదిలోంచి బావగారు బయటికొచ్చారు, రిమోట్ చేత్తో పట్టుకుని. పొద్దుట్నుంచి బాగానే ఉన్న టీవీకి ఉన్నట్టుండి నెట్ పోయిందండీ, ఓసారి చూస్తారా అని అడిగారు.